ఎనిమిది వేల బైట్లు - నాలుగు లైన్లు

మొన్నామధ్య రిలీజ్ అయిన రాత్రే మా బిల్లింగ్ జాబ్ నత్తనడక మొదలెట్టింది. అందులో చివరగా చెయ్యి పెట్టింది కొత్తగా చేరిన కుర్రాడు. ఓ పెద్ద మెథడ్‌లో నాలుగు లైన్ల ఇఫ్ కండిషన్ చేర్చాడు, అంతే! "ఏం చేశావయ్యా?" అంటూ అందరం వాడి మీద పడ్డాం. నేను కాస్త ఎక్కువే పడ్డాను.

ఎంత వెతికినా ఆ నాలుగు లైన్లలో తప్పు దొరకలేదు. చివరికి ప్రింట్‌కంపైలేషన్ ఆన్ చేసి చూస్తే మిగతా హాట్ మెథడ్లన్నీ కంపైల్ అవుతున్నాయి, ఇదొక్కటే లేదు! జావాపీతో చూస్తే బైట్‌కోడ్ 8,000 బైట్లు దాటింది. అది దాటిన మెథడ్‌ని ఎన్ని లక్షలసార్లు పిలిచినా హాట్‌స్పాట్ జిట్ మామూలుగా ముట్టుకోదు, ఇంటర్‌ప్రెటర్‌కే వదిలేస్తుంది. ఎర్రరూ రాదు, వార్నింగూ రాదు.

ఆ పరిమితిని తీసేసే ఫ్లాగ్ ఒకటుంది. ఆ రాత్రికి దాంతో గట్టెక్కి, తర్వాత మెథడ్‌ని ముక్కలు చేశాం.

ఇంతకీ దాన్ని అంత పెంచిందెవరు? నేనే. "ముక్కలు చేస్తే కాల్స్ పెరిగి స్లో అవుతుంది" అని ఏళ్ల తరబడి వాదించాను. నిజానికి 35 బైట్లలోపు చిన్న మెథడ్లనీ, బాగా వేడెక్కితే 325 దాకా ఉన్నవాటినీ జిట్ చాలావరకు పిలిచినచోటే కలిపేస్తుంది. అంటే నేను కాపాడానని అనుకున్న వేగాన్ని నేనే పోగొట్టాను.

కుర్రాడికి సారీ చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు. తిట్టినా బాగుండేది.