నలభై అడుగుల ఎత్తున పేనుబంక

చిక్కుడు తీగ చివర నల్లగా గుంపుకట్టిన పేనుబంకను మీరు చూసే ఉంటారు. ముట్టుకుంటే జిగురు, పక్కనే చీమల బారు. నిన్న లేనిది ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? ఎగిరొచ్చింది!

మామూలుగా దానికి రెక్కలుండవు. మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంది, వారం పదిరోజులు తిరిగేసరికి ఆ పిల్లలూ కంటాయి. కొమ్మ కిక్కిరిసి, మొక్కలో రసం తగ్గినప్పుడు మాత్రం రెక్కలున్నవి పుడతాయి. గాల్లోకి లేచాక వాటిని ఎక్కడ దింపాలో చాలావరకు గాలే చూసుకుంటుంది.

ఆ గాలినే వడకట్టి చూద్దామనుకున్నారు ఇంగ్లండులో. లండన్‌కి ఉత్తరాన హార్పెండెన్‌లో రోథమ్‌స్టెడ్ అనే పాత వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. 1964లో అక్కడ ఒక గొట్టం నిలబెట్టారు. ఎత్తు 12.2 మీటర్లు, అంటే నలభై అడుగులు. అడుగున ఉన్న ఫ్యాను పైనుంచి గాలిని లాగుతుంది, గాలితో వచ్చిన పురుగులు సీసాలో పడతాయి. ఎగిరే కాలమంతా రోజూ ఆ సీసా మారుస్తారు. తర్వాత ఇంగ్లండులో, స్కాట్లండులో మరికొన్ని చోట్ల ఇలాంటివే పెట్టారు. ఆ లెక్క నేటికీ సాగుతోంది.

అంత ఎత్తెందుకు అంటారా? నేలకి దగ్గరగా పడేవి ఎక్కువగా ఆ చేలోవే. పైకి వెళ్లేకొద్దీ ఎక్కడెక్కడి పురుగులో కలిసిపోతాయి, కాబట్టి ఒక్క గొట్టం చుట్టుపక్కల పదుల కిలోమీటర్ల మేర సంగతి చెప్పగలదు. ఇంకో సుగుణం, దానికి రంగుతో పనిలేదు. పురుగుల్ని పట్టే పసుపు జిగురు అట్టయితే పసుపు మీద మోజున్న పురుగుల్నే ఎక్కువ పిలుస్తుంది. గొట్టం ఎవర్నీ పిలవదు. అందుకే నిరుటి లెక్కనీ నలభయ్యేళ్ల నాటి లెక్కనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

నాకు అన్నిటికన్నా గౌరవం ఎవరి మీదంటే, ఆ సీసా ముందు కూర్చునేవాళ్ల మీద. ఈగలు, కందిరీగలు, తామర పురుగులు అన్నీ కలగలిసి ఉంటాయి. అందులోంచి పేనుబంకను ఏరి, మీసాలు, రెక్కల ఈనెలు, వెనకనున్న రెండు బుల్లి గొట్టాలు మైక్రోస్కోపులో చూసి ఏ జాతో తేల్చాలి. ఆ దేశంలో ఉన్నవి దాదాపు 600 జాతులు మరి! యంత్రం గాలిని లాగుతుందే గాని పురుగు పేరు చెప్పదు.

జాతి తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, పైరుకి అసలు గండం రసం పీల్చడం కన్నా పురుగు మోసుకొచ్చే వైరస్. చక్కెర దుంపకి ఆకులు పసుపు రంగుకి తిరిగే తెగులు తెచ్చే జాతి ఒకటైతే, శరత్కాలంలో కొత్తగా మొలిచిన బార్లీని గిడసబార్చే వైరస్‌ను మోసేది ఇంకొకటి. అలాంటివి కొన్ని వాలినా చాలు. వాలాక మందు కొడితే, అప్పటికే అంటిన వైరస్‌ను మందు తీయలేదు.

దుంపకి చేటు తెచ్చే ఆ పేనుబంక బతుకు చలికాలం మీద ఆధారపడి ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి వెచ్చగా ఉంటే ముందే ఎగురుతుంది, గట్టి చలి పడితే చాలా చస్తాయి. ఏళ్ల తరబడి పోగేసిన గొట్టం లెక్కల వల్లే ఇది ఇంత స్పష్టంగా తేలింది. 2020లో ఆ తెగులు దుంప రైతుల్ని బాగా దెబ్బతీసింది. దాంతో 2021లో, నిషేధంలో ఉన్న ఒక నియోనికోటినాయిడ్ మందును విత్తనానికి పట్టించడానికి అక్కడి ప్రభుత్వం షరతుతో అనుమతిచ్చింది: తెగులు అంచనా హద్దు దాటితేనే. చలి బాగా పడింది, అంచనా హద్దు దాటలేదు, మందు వాడలేదు. తేనెటీగలకు చేటుచేసే మందు ఒక ఏడాది నేలలోకి వెళ్లకుండా ఆగిందంటే నాకు ఎంత సంతోషమో!

మన మిరప చేలల్లో అంత గొట్టం పెట్టుకోలేం గాని, పసుపు జిగురు అట్టలున్నాయి. పైరుకి కాస్త పైన కట్టి, వారానికి రెండుసార్లు రెక్కల పేనుబంకను లెక్కపెట్టి, తేదీతో రాసుకోండి. చేనంతా మాత్రం దట్టంగా కట్టకండి, ఆ జిగురుకి అక్షింతల పురుగులూ అంటుకుంటాయి. పేనుబంకను తినిపెట్టేవి అవే కదా.