‘అయినా’ అనే మాట గురించి

మాది చిలకలపూడి. గుడివాడ వైపు నుంచి రైల్లో వచ్చేవారికి బందరు కంటే ముందు తగిలే స్టేషను. కార్తీకమాసంలో మా పాండురంగస్వామి ఉత్సవాలకు ఎక్కడెక్కడి జనమో వస్తారు. కాని కొత్తవాళ్ళకు ఊరి పేరు చెప్పినప్పుడు నాకు ఎదురయ్యే మాట పాండురంగడు కాదు. “ఓహో, రోల్డ్‌గోల్డా!” అని ఒక నవ్వు. ఆ నవ్వు వెనకాలే వాళ్ళ చూపు నా మెడ మీదికీ చెవుల మీదికీ వెళ్తుంది. ‘చిలకలపూడి బంగారం’ అంటే కొందరి నోట నకిలీకి మారుపేరు.

నిజానికి మా ఊళ్ళో ఎవరూ దాన్ని బంగారమని చెప్పి అమ్మరు. రాగి మీదా, ఇత్తడి మీదా పూత. తీగ లాగేవారొకరు, గొలుసు అల్లేవారొకరు, అతుకులు పెట్టేవారొకరు, మెరుగు పెట్టేవారొకరు, పూత వేసేవారొకరు. ఇళ్ళల్లో కూర్చుని అల్లే చేతులు చాలావరకు ఆడవాళ్ళవి. మా అమ్మ చేతివేళ్ళ కొసలు చూస్తే తెలుస్తుంది ఒక డజను గొలుసులంటే ఎంత చాకిరీనో. సరుకు పూతేనని చెప్పే అమ్ముతాం, పూత ధరకే అమ్ముతాం. మోసమనేది ఎక్కడైనా ఉంటే అది మా ఇంటి గడప దాటిన తరువాతి సంగతి.

ఈ వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినందువల్ల నాకొక వింత వేడుక దొరికింది. ఒకసారి గుడివాడ దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళాం. మా ఇంట్లోనే, ఒకే డజనులో తయారైన రెండు గొలుసులు ఆ పందిట్లో కనిపించాయి. ఒకటి పెళ్ళికూతురి మేనత్త మెడలో ఉంది. ఆవిడ పచ్చగా, దబ్బపండులా ఉంటుంది, కట్టింది కంచిపట్టు. రెండోది వంటల దగ్గర నీళ్ళు మోస్తున్న ఒక నల్లటావిడ మెడలో ఉంది. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ మేనత్తగారిని “ఎన్ని కాసులు పట్టిందండీ?” అని అడిగింది. అదే పెద్దావిడ నీళ్ళావిడతో “ఏమే, ఎక్కడ కొన్నావు, బందర్లోనా?” అంది. గొలుసులు రెండూ ఒకటే, మెడలు వేరు. ఆ పెద్దావిడ చెడ్డది కాదు. నీళ్ళావిడకు రెండోసారి స్వీటు వేయించింది కూడా. తాను మనుషులకు వెల కట్టానని ఎవరైనా అంటే నొచ్చుకునేది.

దీనికి తిరగేసిన కథ మా ఇంట్లోనే జరిగింది. నా ఫీజు కోసం అమ్మ తన మూడు కాసుల గొలుసు తాకట్టు పెడదామని పక్క ఊళ్ళో ఒక దుకాణానికి తీసుకెళ్ళింది. అది అసలు బంగారం, మా అమ్మమ్మ పెట్టింది. ఫీజు గడువు మర్నాటితో ఆఖరు. గల్లాపెట్టె దగ్గరాయన గొలుసు అందుకుంటూ “ఏ ఊరమ్మా?” అన్నాడు. “చిలకలపూడండి.” ఆయన అమ్మ మొహం చూశాడు, చేతులు చూశాడు, నేతచీర చూశాడు. “చిలకలపూడి నుంచి బంగారమా!” అని నవ్వి గొలుసు బల్ల మీద వెనక్కి తోశాడు. పక్కనే గీటురాయి ఉంది. యాసిడ్ సీసా ఉంది. రెండూ ముట్టుకోలేదు.

ఆ సాయంత్రమే ఇంకో వీధిలో ఒక ముసలి ఆచారిగారు ఊరి పేరు అడక్కుండా గొలుసు రాయి మీద గీశారు. గీటు మీద యాసిడ్ చుక్క వేశారు. పూతదైతే ఆ గీటు అక్కడికక్కడే కరిగిపోతుంది. ఇది నిలిచింది. ఫీజు కట్టాం. తిరుగు బస్సులో అమ్మ ఒకటే మాట అంది: “గీసి చూసి కాదంటే ఊరుకునేదాన్నే. గీయకుండా కాదన్నాడు.”

ఇక శీర్షికలో పెట్టిన మాటకు వస్తాను. మన భాషలో ఈ గీయకుండా తేల్చే గుణం ఎక్కడ దాక్కుంటుందో నేను కొంతకాలంగా గమనిస్తున్నాను. తిట్లలో అంతగా ఉండదు. తిట్టేవాడు ఎలాగూ దొరికిపోతాడు. అది మెచ్చుకోలులో ఉంటుంది. “నల్లగా ఉన్నా కళ గల పిల్ల.” “ఆడపిల్లయినా ధైర్యంగా మాట్లాడింది.” “పల్లెటూరివాడైనా ఇంగ్లీషు దంచేస్తాడు.” “వాళ్ళలో పుట్టినా ఎంత శుభ్రమండీ!” ఆ చిన్న ‘అయినా’ తీసి చూడండి. వాక్యానికి ఏ లోటూ రాదు. కళ గల పిల్ల, ధైర్యంగా మాట్లాడింది. మరి ఆ మాట అక్కడెందుకు కూర్చుంది? ఏది ఉండదని మనం ముందే తీర్పు రాసి పెట్టుకున్నామో అది ఉన్నందుకు మనకు కలిగిన ఆశ్చర్యం అది. అనేవాడికి అది వినపడదు. అనిపించుకున్నవాడికి అదొక్కటే వినపడుతుంది.

రంగు సంగతికి మన పక్కనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. నీనా దావులూరి తల్లిదండ్రులది విజయవాడ. ఆమె 2013 సెప్టెంబరులో మిస్ అమెరికాగా ఎన్నికైంది. ఆ కిరీటం పొందిన మొదటి భారత సంతతి అమ్మాయి. ఆ రాత్రే అక్కడ కొందరు ఆమెను అరబ్బు అన్నారు, టెర్రరిస్టు అన్నారు. ఆమె పుట్టింది న్యూయార్కు రాష్ట్రంలోనని తెలుసుకునే ఓపిక వాళ్ళకు లేకపోయింది. మనం ఇక్కడ ఆ జాత్యహంకారం మీద మండిపడ్డాం, న్యాయమే. కాని ఆ వారంలోనే మన దేశపు పత్రికల్లో ఇంకొక చర్చ నడిచింది: ఈ చాయతో ఈ అమ్మాయి ఇక్కడ పోటీకి దిగి ఉంటే మిస్ ఇండియా అయ్యేదా అని. అక్కడివాడు పరాయిదన్నాడు, ఇక్కడివాడు నల్లదన్నాడు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోని ‘ఫెయిర్’ను తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. పెళ్ళిళ్ళ పేరయ్యలకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఆడవాళ్ళ సంగతికి అంత దూరం పోనక్కరలేదు, బందరులోనే ఉంది. 1902లో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. అచ్చమాంబ బడికి వెళ్ళి చదివిన మనిషి కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతో పాటు ఇంట్లో నేర్చుకున్నారు. స్త్రీలు స్వభావంచేతనే తెలివితక్కువవాళ్ళు, చదువుకుంటే చెడిపోతారు అనే మాటలకు సమాధానంగా, స్త్రీల జీవితాలను సాక్ష్యంగా పెట్టి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. ముప్ఫయ్యొకటో ఏటనో, అటూ ఇటుగానో, 1905లో పోయారు.

ఆమె కథ ‘ధనత్రయోదశి’ హిందూసుందరి పత్రికలో వచ్చింది 1902లో. గురజాడ ‘దిద్దుబాటు’ వచ్చింది 1910లో. ఎన్నో ఏళ్ళపాటు మన పాఠాల్లో మొదటి తెలుగు కథ ఏదంటే ఠక్కున చెప్పే జవాబు దిద్దుబాటే. ఇందులో గురజాడవారి తప్పేమీ లేదు. దిద్దుబాటులోని వాడుకభాషా, ఆధునిక శిల్పమూ చూపించి అదే మొదటిదని ఇప్పటికీ వాదించేవారున్నారు. చదివి, కొలిచి అంటున్న వాళ్ళతో నాకు పేచీ లేదు. కాని అన్నేళ్ళూ ఆ జవాబు చెప్పినవారిలో అచ్చమాంబ కథను చదివి పక్కన పెట్టినవారెంతమంది? ఆడవాళ్ళ పత్రికలో ఆడమనిషి రాసిన కథ గనుక అది ఆడవాళ్ళ సంగతి అయిపోయింది. సాహిత్యం లెక్కలోకి రాలేదు. రాయి పక్కనే ఉంది, ఎవరూ గీయలేదు.

మా లెక్చరర్లు కొందరు ఇక్కడ చేతులు అడ్డంపెడతారని తెలుసు. “మాకు అలాంటివి లేవమ్మా, పేపరు ముందుంటే పేపరే చూస్తాం” అంటారు. మనస్ఫూర్తిగానే అంటారు, నేను నమ్ముతాను. అయితే రేమా హన్నా, లీ లిండెన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు మన దేశంలోనే ఒక నగరంలో చేసిన పరీక్ష ఒకటుంది, 2012లో అచ్చయింది. పిల్లలకు బహుమతి పరీక్ష పెట్టారు. జవాబు పత్రాల పైన అట్ట మీద వయసు, ఆడా మగా, కులం అనే వివరాలు లాటరీ వేసినట్టు ఇష్టమొచ్చినట్టు అతికించారు. టీచర్లకిచ్చి దిద్దించారు. కింది కులమని రాసి ఉన్న పేపర్లకు మార్కులు కాస్త తగ్గాయి. పెద్ద తేడా కాదు. కాని పాసుకూ ఫెయిలుకూ మధ్య ఎంత దూరమో మనకు తెలియనిదా!

అందులో నన్ను ఆపిన విషయాలు రెండు. ఆడా మగా తేడా వల్ల మార్కులు మారలేదు, సంతోషం. కాని కులం దగ్గర తగ్గించిన చేతులు పైకులాల టీచర్లవి కావు. కింది కులాల టీచర్లవే. అంటే ఇది ఫలానావాళ్ళ జబ్బు అని వేలు చూపించి తప్పుకోవడానికి లేదు. మనల్ని గురించి లోకం అనుకున్నది మన లోపలికే వచ్చి కూర్చుంటుంది. రెండోది, తేడా ఎక్కువగా కనిపించింది మొదట దిద్దిన పేపర్లలో. దిద్దగా దిద్దగా తగ్గింది. దేనికెంత వేయాలో ఇంకా చేతికి కుదరని సమయంలో, చెయ్యి ఆసరా కోసం వెతుక్కుంటుంది. పైన రాసి ఉన్న వివరం ఆ ఆసరా అవుతుంది.

రాత పరీక్షల్లో నంబరు కప్పి కోడ్ వేసే పద్ధతి ఇందుకే ఉంది. అది మన మీద అపనమ్మకం కాదు, రాయీ యాసిడ్ లాంటిది. మరి ప్రాక్టికల్సు, వైవా? అక్కడ కప్పేదేమీ లేదు. మనిషి ఎదురుగా నిలబడి ఉంటుంది: రంగు, గొంతు, యాస, చీర, అన్నీ. మొదటి ప్రశ్న సబ్జెక్టులోది కాకుండా “ఇంటిపేరేమిటమ్మా?” అయినప్పుడు ఆ గదిలో ఏం మారుతుందో నిలబడ్డవాళ్ళనడగండి. “ఆ, మీదేవూరు?” అన్నది రెండో ప్రశ్న. నా స్నేహితురాలొకతె ఆ రెంటికీ జవాబు చెప్పాక, మూడోదానికి, అంటే తనకు బాగా తెలిసిన ఓమ్ సూత్రానికి, నోరు పెగల్లేదు. ప్రశ్నలు ముందే చీటీల మీద రాసి, ఎవరికైనా అవే అడిగి, ఏ జవాబుకెంతో ముందే గీసుకుంటే ఎక్స్‌టర్నల్ గారికి ఖర్చయ్యేది అరగంట. ఈ సంచిక చదివే లెక్చరర్లలో ఎవరైనా వచ్చే ప్రాక్టికల్సులో చేసి చూస్తే, ఆ మార్కులూ పాత మార్కులూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు ఆశగా ఉంది.

అందాకా మా హాస్టలు గదిలో ఒక పాత హార్లిక్స్ సీసా పెట్టాం. మనుషుల గురించి మెచ్చుకుంటూ ఎవరు ‘అయినా’ అన్నా రూపాయి వెయ్యాలి. మొదట్లో పోట్లాటలు జరిగాయి, “వానైనా బస్సొచ్చింది” అన్నందుకు కూడా వసూలు చెయ్యబోయారు. మొన్న లెక్కపెడితే అరవై ఎనిమిది రూపాయలు తేలాయి. అందులో సగానికి పైగా సంక్రాంతి సెలవుల్లో పెళ్ళిచూపులు చూసొచ్చిన వారంలో పడ్డవే.