ప్రాణం పేరు పెట్టుకున్న ఊరు – హయత్‌నగర్

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే రాజబాట మీద, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ దాటి, వనస్థలిపురం దగ్గరి జింకల వనం కూడా వెనకపడిన తరువాత హయత్‌నగర్ వస్తుంది. దూరప్రయాణం చేసేవారికి అదొక బస్సు స్టాపు. గోలకొండ చరిత్ర ఎరిగినవారికి మాత్రం ఆ పేరు వినగానే ఒక రాణి జ్ఞాపకం వస్తుంది.

ఆమె హయత్ బక్షీ బేగం. హైదరాబాదు నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు కూతురు. తరువాతి సుల్తాను మహమ్మద్ కుతుబ్‌షాకు భార్య. ఆపై ఏలిన అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. 1626లో భర్త పోయి, పసివాడైన కొడుకు గద్దెనెక్కినప్పుడు అతనికి అండగా నిలిచింది ఈ తల్లే. ప్రజలు ఆమెను 'మాసాహెబా' అని పిలుచుకున్నారు. నేటి మాసాబ్ టాంకు పేరు అందులోనుంచి పుట్టినదే. 1667లో కన్నుమూసిన ఆమెకు గోలకొండలో సుల్తానుల గోరీల సరసనే ఘనమైన గోరీ ఉన్నది.

హయాత్ అంటే ప్రాణం. మన అమరకోశం నీటికి చెప్పిన పేర్లలో 'జీవనం' ఒకటి. ఈ రెండు మాటలూ ఈ ఊళ్లో చెట్టపట్టాలు వేసుకున్నాయి. రాణి పేరిట వెలసిన మసీదు అయిదు కమానులతో, ఇరుకొనలా రెండు మీనారులతో నేటికీ నిలిచి ఉన్నది. దాని విశాలమైన ఆవరణ చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు. చేరువలోనే 'హాతీ బౌలి', అంటే ఏనుగుల బావి. మన పల్లెల్లో మోటకు ఎద్దులను కట్టినట్లు, ఇక్కడ ఏనుగులను కట్టి నీరు తోడేవారని పెద్దలు చెబుతారు. గోలకొండకూ మచిలీపట్నం రేవుకూ నడుమ వజ్రాల వర్తకులూ, బట్టల మూటలూ సాగిన దారి ఈ తూర్పు దారే. పగలంతా నడిచిన మనిషికీ, పశువుకూ మొదట కావలసింది నీరు. అది తెలిసి కట్టిన ఊరు ఇది.

ఊరి చుట్టూ రైతు దున్నినది చాలావరకు ఎర్రని చెలక నేల. జొన్న, కంది, ఆముదం అక్కడి పంటలు. ఎర్రనేలకు నీరు ఎక్కువకాలం పట్టి ఉంచే గుణం లేదు. వాన గట్టిగా కురిస్తే మట్టిని కోసుకుని పోతుంది. పది రోజులు మొగం చాటేస్తే మొక్క వాడుతుంది. ఈ చిక్కును ఎదుర్కొనేందుకు 1985లో హైదరాబాదులో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థకు పరిశోధనా క్షేత్రం ఈ హయత్‌నగర్‌లోనే ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు చెప్పే మాటలు మన తాతలకు కొత్తవి కావు. వాలుకు అడ్డంగా దున్నమంటారు. పారే నీటిని పొలంలోనే కుంట తవ్వి ఆపమంటారు. జొన్నలో కంది వేయమంటారు. జొన్న ముందుగా కోతకు వస్తుంది. వేరు లోతుగా దించే కంది, నేల అడుగున మిగిలిన తేమతో తరువాత పండుతుంది. ఒక పంట దెబ్బతిన్నా రెండవది కొంతైనా ఆదుకుంటుంది.

2007లో మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం నగరంలో చేరింది. చెలకలు ప్లాట్లయ్యాయి, మోటలు పోయి బోర్లు వచ్చాయి. పట్నం రావడం తప్పు కాదు. ఎందరో ఉద్యోగులు జీవితమంతా కూడబెట్టి ఇక్కడ సొంత ఇల్లు కట్టుకున్నారు. అయితే రాణి ఏనుగుల బావి తవ్వించినా, రైతు గట్టు వేసినా వాన నీటికి లెక్క చూసుకున్నారు. మనం బోరు లోతు అడుగుతున్నామే గాని, మన డాబా మీద కురిసిన వాన ఎటు పోతున్నదో అడగడం లేదు.

ఈసారి ఆ దారిన వెళ్లేవారు పిల్లలతో ఒక పూట అక్కడ దిగండి. మసీదునూ, సరాయినీ చూపించి, ఆ బావి ఒడ్డుకు కూడా తీసుకువెళ్లండి. ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పండి. తరువాత ఇంటికి చేరి, వాకిట్లో ఒక ఇంకుడు గుంత తవ్వించండి. ప్రాణం పేరు పెట్టుకున్న ఊరికి మనం చెల్లించవలసిన బాకీ అది.