ఏరుకుని తింటే సరిపోదు

మా అనంతపురం వైపు వంటింట్లో వేరుశనగ లేని మూల కనపడదు. పొద్దున ఇడ్లీలోకి బుడ్డల చట్నీ, మధ్యాహ్నం సంగటిలోకి ఊరిబిండి, సాయంత్రం ఉప్పేసి ఉడికించిన కాయలు, పండక్కి పాకం పట్టిన ఉండలు. వంకాయ కూర చిక్కబడాలన్నా, పులిహోర పంటికింద కరకరమనాలన్నా, వేడన్నంలోకి పొడి కావాలన్నా అవే. వాన నమ్ముకుని విత్తిందీ ఆ పంటే, వాన మొహం చాటేస్తే పశువుల్ని తోలి మేపించేసిందీ ఆ పంటే. అట్లాంటి ఇంట్లో పుట్టిన మా అమ్మాయికి బుడ్డలు పడవు.

పడవంటే కడుపుబ్బరమో, ఒంటికి వేడి చేయడమో అనుకుంటారు చాలామంది. మా పిల్లకు గింజలో ముక్క నోట్లో పడితే చాలు, పెదాలు చిమచిమలాడతాయి, మెడ మీద దద్దుర్లు లేస్తాయి, తర్వాత గొంతు బిగుసుకుని దగ్గు మొదలవుతుంది. దగ్గు దాకా వచ్చిందంటే ఇక ఇంట్లో కూర్చునే పని లేదు.

ఇది మా అమ్మకు నచ్చజెప్పడానికి ఏళ్లు పట్టింది. "ఊరంతా తింటాండారు కదరా, ఈ పిల్లకేనా? మా కాలంలో ఇట్లాంటివి యాడుండాయి?" అనేది. ఆమె అనుమానంలో అన్యాయమేమీ లేదు. చైనా, రష్యా, ఇండియాల్లో బడిపిల్లల మీద జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2020లో వచ్చాయి. తిండి అలర్జీ ఉందని గట్టిగా చెప్పగలిగిన పిల్లలు మన దేశంలో వెయ్యిమందికి ఇద్దరు కూడా తేలలేదు. హాంగ్‌కాంగ్‌లో వెయ్యికి పదిహేనుమంది. అంటే మన దగ్గర ఒక ఊళ్లో ఒక మనిషి జీవితకాలంలో ఇలాంటి పిల్లను చూడకపోవడానికే ఎక్కువ అవకాశం. చూడని జబ్బును నమ్మడం ఎవరికైనా కష్టమే. మధుమేహం ఉందంటే పెళ్లింట్లో కూడా జిలేబీ బలవంతపెట్టరు. ఆ జబ్బు ప్రతి ఇంట్లో ఒకరికి ఉంది కాబట్టి. మాకా వెసులుబాటు లేదు.

"పోయిన సంక్రాంతికి నువ్వులుండలో ఒకటో రెండో పడితే ఏం కాలేదు గదా" అన్నది చుట్టాల వైపు నుంచి వచ్చే రెండో వాదన. దీనికి జవాబు నూట ఇరవై ఏళ్ల కిందటే దొరికింది. ఫ్రాన్సులో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు సముద్రజీవి విషాన్ని కుక్కల మీద పరీక్షిస్తుండేవారు. నెప్ట్యూన్ అనే కుక్క మొదటి మోతాదును ఇబ్బంది లేకుండా తట్టుకుంది. మూడు వారాలు దాటాక, మళ్లీ అంతే మోతాదు ఎక్కించేసరికి అరగంట లోపే చచ్చిపోయింది. అలవాటు పడాల్సిన ఒళ్లు అలవాటు పడకపోగా తిరగబడింది. ఆ తిరగబాటుకే 1902లో అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. 1913లో రిషేకి నోబెల్ కూడా వచ్చింది. మా పెద్దత్తకు ఈ కథ చెబితే నోబెల్ సంగతి పట్టించుకోలేదు గానీ కుక్క కోసం చాలా బాధపడింది. ఆ రోజు నుంచి మా పిల్ల పళ్లెంలో ఏం వడ్డించాలన్నా ముందు నన్నడుగుతుంది. అనుమానం రేపాలంటే లెక్కలకన్నా కథలే నయం.

మూడో వాదన: బాగా వేపితే దోషం పోతుందని. వేరుశనగ విషయంలో వ్యవహారం తారుమారు. అందులో తంటా తెచ్చే ప్రొటీన్లు వేడికి లొంగని రకం. ఉడకబెట్టినప్పుడు కొంత నీళ్లలోకి దిగిపోతాయి, పొడిగా వేపితే ఇంకా మొండికేస్తాయి. మనవాళ్లేమో ఎర్రగా వేగి పొట్టు రాలిందాకా వదలరు.

నూనె మాటకొస్తే కొత్త చిక్కొకటి వచ్చిపడింది. బాగా శుద్ధి చేసిన పల్లీ నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు. గానుగ నూనెలో మిగులుతుంది. ఇప్పుడు నగరాల్లో ప్రతి సందు చివరా ఒక గానుగ వెలిసింది, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లంతా సీసాలు పట్టుకుని అక్కడ నిలబడుతున్నారు. కాబట్టి ఆరోగ్యం పట్టని ఇంట్లో మా పిల్ల నిశ్చింతగా పూరీ తినొచ్చు, ఆరోగ్యం తెలిసినవాళ్లింట్లో అడిగి తినాలి.

ఇంట్లో ఏం చేశామంటే, వేరుశనగ గింజ గడప దాటకుండా చూశాం. అది చెప్పినంత సులువు కాదు. మిక్సీ సంగతే చూడండి. జారు అద్దంలా తోమి బోర్లిస్తాం. బ్లేడు విప్పి చూస్తే దాని కింద రబ్బరు వాషరు చుట్టూ ఎప్పటిదో చట్నీ గోధుమరంగు పట్టీలా ఎండిపోయి ఉంటుంది. మళ్లీ నీళ్లు పోసి ఏదైనా తిప్పితే అది కరిగి అందులో కలుస్తుంది. అందుకే ఎవరింటికైనా వెళ్తే చట్నీలో ఏం వేశారన్న దాంతో ఆగను, ఏ జారులో వేశారో కూడా అడుగుతాను. మొదటి ప్రశ్నకు ఇల్లాలు నవ్వుతుంది, రెండోదానికి మొహం మారుతుంది. ఆమె వంటింటి శుభ్రతను శంకించినట్టుంటుంది మరి. పోపుడబ్బా చెంచా, అట్లకాడ, సట్టి అడుగున మిగిలిన నూనె, అన్నీ ఇదే లెక్క. మా ఇంట్లో చట్నీకి పుట్నాలు, ఎండుకొబ్బరి వాడతాం. పుట్నాలూ పప్పుజాతే కదా, అవి ఎలా పడుతున్నాయని అడిగేవాళ్లున్నారు. జాతి ఒకటే అయినా అందరికీ అన్నీ పడకుండా పోవు. మా పిల్లకు శనగలు, కందులు, పెసలు సుబ్బరంగా పడతాయని పరీక్ష చేసే డాక్టరు చెప్పాడు.

హోటళ్లలో హైదరాబాదు ఒక ప్రత్యేక అధ్యాయం. బిర్యానీతో ఏ ఇబ్బందీ లేదు. పక్కన చిన్న గిన్నెలో తెచ్చే మిర్చీ కా సాలన్‌లో పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరి వేస్తారు. బగారా బైంగన్ కూడా అంతే. సాలన్ వద్దని ముందే చెబుతాం. వెయిటరు తలూపుతాడు. వంటవాడు మంచివాడు, బిర్యానీ పొడిగా ఉంటే పిల్ల తినలేదని పైన ఒక గరిటె పోసి మరీ పంపిస్తాడు. పల్లీలు లేవు కదా అని అడిగితే లేవంటారు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో నూరిన పల్లీ పల్లీ కాదు, మసాలా. కాబట్టి పల్లీ, వేరుశనగ, మూంగ్‌ఫలీ, గింజ, పొడి, ముద్ద, నూనె అని అన్నీ కలిపి ఒక్క గుక్కలో అడగడం అలవాటైంది. పెళ్లిళ్లలో అడిగి లాభం లేదు. బఫేలో గుత్తివంకాయ గరిటె తిరిగి తిరిగి పప్పులో తేలుతుంది.

ప్రసాదం దగ్గర మాత్రం నాకు ఇప్పటికీ నోరు పెగలదు. పులిహోర దొప్ప అందించే పూజారి గారికి అలర్జీ ఎలా చెబుతాం? చేయి చాచి తీసుకుని, కళ్లకద్దుకుని, నేను తినేస్తాను. పిల్ల తీర్థంతో సరి. అదే చాలంటుంది ఆమె. నేను ఇద్దరి వాటా తిని బరువు పెరిగాను.

కొన్న సరుకుల విషయంలో చట్టం మన పక్షానే ఉంది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం వేరుశనగ, పాలు, గుడ్లు, చేపలు, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాల వంటివి ఉంటే పొట్లం మీద విడిగా చెప్పాలి. చెబుతున్నారు కూడా. ఎటొచ్చీ శాకాహారమా కాదా అన్నది ఆకుపచ్చ చుక్క చూసి మూడేళ్ల పిల్ల కూడా చెబుతుంది. పల్లీ సంగతి తెలియాలంటే నా వయసువాడు కళ్లజోడు తీసి, పెట్టి, వెలుతురులోకి తిప్పి చదవాలి. నువ్వులు పడనివాళ్ల పాట్లు ఇంకా ఎక్కువ, ఆ జాబితాలో నువ్వుల పేరే లేదు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల పేరు కూడా రాయాల్సిందే. ఇక మిఠాయి కొట్టు గాజు అలమారలోని విడి సరుకుకు లేబులే ఉండదు. జీడిపప్పు ధర మండిపోతున్న రోజుల్లో చౌకగా అమ్మే కాజూ కత్లీలో ఏముందో కొట్టువాడికీ దేవుడికీ ఎరుక. మేం కత్లీ జోలికి పోం.

"చిన్నప్పుడే తినిపిస్తే రాదట కదా" అని ఫోన్లో వచ్చిన ముక్క చూపించేవాళ్లున్నారు. అబద్ధం కాదు. ఇజ్రాయెల్‌లో పిల్లలు పళ్లు రాకముందే బాంబా అనే పల్లీ చిరుతిండి చప్పరిస్తారు, అక్కడ ఈ అలర్జీ తక్కువ. అది గమనించి లండన్‌లో గిడియన్ లాక్ బృందం 640 మంది పసిపిల్లల మీద అధ్యయనం చేసింది. ముప్పు ఎక్కువున్న పిల్లలకు మొదటి ఏడాదిలోనే వేరుశనగ అలవాటు చేస్తే ఐదేళ్లకల్లా అలర్జీ బాగా తగ్గిందని 2015లో తేల్చింది. అది రాకుండా ఆపే దారి. వచ్చేసిన పిల్లకు కొంచెం కొంచెంగా ఇంట్లో పెడుతూ పోతే కలిగేది అలవాటు కాదు, ఆపద. అలవాటు చేసే చికిత్స ఒకటుంది గానీ అది డాక్టరు కళ్లెదుట, మిల్లీగ్రాముల లెక్కన జరగాలి.

మా సంచిలో ఎప్పుడూ ఉండే వస్తువు అడ్రినలిన్ పెన్. తొడ బయటి వైపు గుచ్చి పట్టుకుంటే మందు దానంతటదే దిగుతుంది, బట్టల మీంచి కూడా. మన మందుల షాపుల్లో ఇది సులువుగా దొరకదు. అమెరికా నుంచి వచ్చే బంధువు తెస్తాడు, వెళ్లేటప్పుడు మా అమ్మ పెట్టిన మాగాయ డబ్బాలు పట్టుకెళ్తాడు. తేదీ దాటక ముందే తర్వాతి బంధువు రావాలి. దొరకనప్పుడు ఆంప్యూల్, సిరంజీ. ఎంత లాగాలో డాక్టరు రాసిచ్చిన చీటీ దానికి చుట్టి ఉంటుంది. మందు పాతిక డిగ్రీలు దాటకుండా ఉంచాలని పెట్టె మీద రాసి ఉంది, ఫ్రిజ్‌లో పెట్టకూడదనీ ఉంది. రాసినవాడు మే నెలలో అనంతపురం బస్టాండు చూసి ఉండడు. దళసరి సంచీలో చుట్టి, తడిగుడ్డ పక్కన పెట్టి తీసుకెళ్తాం. దద్దుర్లకు వేసే మాత్ర వేసి చూద్దామని ఆగడం మన దగ్గర అందరూ చేసే పని. గొంతుకో, ఊపిరికో ఇబ్బంది వస్తే మాత్ర పనికిరాదు, ముందు సూదే. తర్వాత పిల్లను నిలబెట్టకుండా పడుకోబెట్టి, 108కి ఫోను. తగ్గిందనుకున్నాక కూడా కొన్ని గంటలు ఆస్పత్రిలోనే, ఎందుకంటే అది మళ్లీ లేవొచ్చు.

ఇప్పుడీ పనులన్నీ అమ్మాయే చూసుకుంటుంది. నాకన్నా తక్కువ మాటల్లో అడుగుతుంది, మొహమాటం అసలు లేదు. స్నేహితులు ఆమె ఉన్న బెంచీ మీద చిక్కీ తినరు. అవ్వ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "తినేది అడిగి తిను నాయనా" అంటుంది, యాడుండాయన్న ఆ అవ్వే.

పోయిన నెల ఇంజనీరింగు కాలేజీ హాస్టలు చూడ్డానికి వెళ్లాం. మెస్ మేనేజరు పెద్దమనిషి, శ్రద్ధగా విన్నాడు. అంతా విని, "అంతేనా సార్! ఉప్మాలో వేసినవి ఏరి పక్కన పెట్టుకుంటే సరిపోదా?" అన్నాడు. నేను గొంతు సవరించుకునే లోపు అమ్మాయి, "వారం మెనూ ఒకసారి చూపించండి అంకుల్" అంది. ఆయన గోడకున్న కాగితం ఊడదీసి ఇచ్చాడు. సోమవారం ఇడ్లీ, పల్లీ చట్నీ. మంగళవారం దోశ, పల్లీ చట్నీ. బుధవారం ఉప్మా, పల్లీ చట్నీ. గురువారం పూరీ, ఆలూ కూర. పెన్ను తీసి గురువారం పక్కన టిక్కు పెట్టి, "పూరీకి ఏ నూనె అంకుల్?" అని అడిగింది.