ఊడదీసి మళ్లీ నిలబెట్టిన ఇళ్లు

చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మహాబలిపురం వైపు సుమారు 25 కిలోమీటర్లు వెళితే ముట్టుకాడులో దక్షిణచిత్ర వస్తుంది. కూల్చివేతకు సిద్ధమైన పాత ఇళ్లను కొని, ఊడదీసి, తెచ్చి మళ్లీ నిలబెట్టిన ప్రదర్శనశాల ఇది. మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ దీన్ని 1996లో తెరిచింది. సంకల్పం డెబోరా త్యాగరాజన్‌ది, తొలి రూపురేఖలు వాస్తుశిల్పి లారీ బేకర్‌వి. బేకర్ దగ్గర పని నేర్చుకున్న బెన్నీ కురియాకోస్ కట్టుబడి చూసుకున్నారు.

తమిళనాడు ఇళ్లతో మా నడక మొదలైంది. చెట్టినాడు వ్యాపారి ఇంటి ముందు నిలబడితే మొదట కంటబడేవి చెక్కిన తలుపూ, కొయ్య స్తంభాలూ. ఇల్లు తరలించడమంటే చాలావరకు కొయ్యనూ రాతినీ తరలించడమే. సున్నం పూసిన గోడను పెకలిస్తే మిగిలేది ముక్కలు. అందుకే గోడలను పాత కొలతలతో కొత్తగా లేపి, పాత గుమ్మాలూ దూలాలూ వాటిలో కూర్చుతారు.

కేరళ ఇళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. పుదుప్పళ్లి నుంచి వచ్చిన సిరియన్ క్రైస్తవుల ఇంట్లో ధాన్యపు కొట్టుతో సహా చాలా భాగం కొయ్యే. ఆ ప్రాంతపు వడ్రంగులు ఒక కొయ్య కొసను మరో కొయ్యలో తొలిచిన రంధ్రంలోకి దించి, చెక్క మేకుతో బిగిస్తారు. మేకు తీస్తే పలక విరగకుండా విడిపోతుంది. విప్పే ముందు ఇంటి పటం గీసి ప్రతి కొయ్యకూ అంకె వేస్తే, విప్పిన వరుసను తిరగేసి మళ్లీ నిలబెట్టవచ్చు. ఇనుప మేకులూ సిమెంటూ వాడిన ఇంటికి ఈ సౌకర్యం లేదు. పాతవారి పనితనంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఇదే.

కర్ణాటకలోని ఇల్కల్ నేతవారి ఇంటిని దాటి తెలుగు ఇళ్లకు చేరాం. నల్గొండ ఇక్కత్ నేతవారి ఇల్లు ఒకటి, కోస్తా ఆంధ్ర చుట్టిల్లు మరొకటి. గుండ్రటి మట్టి గోడ, తాటాకు కప్పు తుపాను గాలికి ఎదురు నిలవకుండా దాన్ని పక్కలకు జారనిస్తాయి. ఇలాంటి ఇంటికి ఊడదీసి తేగల సామాను తక్కువ. కట్టడం తెలిసినవారి చేయి కావాలి.

మన ఊళ్లలో మండువా లోగిళ్లు ఇంకా కూలుతున్నాయి. కూల్చక తప్పనివారు సామాను తూకానికి అమ్మే ముందు అనుభవమున్న వడ్రంగిని పిలిచి చూపించండి. కొలతలు రాయించి, ఫొటోలు తీయించి, ప్రతి దూలానికీ ప్రతి గుమ్మానికీ అంకె వేయించండి.