రావీ ఎవరు?

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కితాబులు తిరగేస్తుంటే మా బేటీ అడిగింది: "అబ్బా, భాగమతి నిజంగా ఉందా? ప్రాజెక్టులో రాయాలి. పది పుస్తకాల్లో ఉంది మరి."

మా దాదీమా చెప్పిన కిస్సా అది. వరద మూసీని దాటి మాషూకా దగ్గరికెళ్లే షెహజాదా కులీ. కొడుకు కోసం బాద్షా కట్టించిన పురానా పుల్. ఆమె పేరున భాగ్‌నగర్. రిపోర్టరుగా కొత్తలో నేను అదంతా హకీకత్ అనే రాసేశాను. ఒక్క హవాలా వెతకలేదు.

నాంపల్లి దాకా నడిచి, స్టేషన్ ముందు చాయ్ తాగుతూ చెప్పాను.

"ఒకదాన్ని చూసి ఒకటి రాసినవైతే పది పుస్తకాలు పది గవాహీలు కావు బేటా. వెనక్కి పోతే ఫైజీ, ఫరిష్తా కనపడతారు. కులీ కాలం వాళ్లే. కానీ ఒకరు అక్బర్ దర్బారు మనిషి, ఇంకొకరు బీజాపూర్‌లో కూర్చుని రాశారు. పుల్ కట్టింది 1578లో. అప్పటికి షెహజాదాకి పన్నెండు పదమూడేళ్లు! ఉస్మానియా ప్రొఫెసర్ హారూన్ ఖాన్ షెర్వానీ ఈ కిస్సాని ఒప్పుకోలేదు. నరేంద్ర లూథర్ మాత్రం ఆమె ఉందనే వాదించారు. పుల్ కథ తప్పయినంత మాత్రాన మనిషే లేనట్టా? అదీ అడగాలి."

ఊరి పేరు మీద సియాసత్ నడుస్తున్న రోజులివి. ఒకరికి ఆమె ఉండాలి, ఇంకొకరికి ఉండకూడదు. హదీస్ వింటే రావీ ఎవరని అడిగే ఇళ్లు మనవి. తారీఖ్ దగ్గర ఆ షర్తు ఎందుకు వదిలేస్తాం? మనసుకు నచ్చిన మాటకే సబూత్ ఇంకా గట్టిగా అడగాలి.

"మరి ఏం రాయను?"

"ఎవరు, ఎక్కడుండి, ఎవరి దగ్గర విని రాశారో రాయి. తేలనిది తేలలేదనే రాయి."

దాదీమా కిస్సా నాకిప్పటికీ ఇష్టమే. కిస్సాగా.