అట్ట కనపడేలా



వచ్చే నెల పది రోజులు న్యూయార్క్ వెళ్తున్నాను. ఒక సాహిత్య సదస్సులో తెలుగు దళిత కవిత్వం మీద పేపరు చదవాలి. మా ఇంట్లో పాస్‌పోర్టు తీసుకున్న మొదటి మనిషిని నేనే. వీసా కథ పోయిన భాగంలో రాశాను కాబట్టి మళ్ళీ ఎత్తను. "దారిలో చదువుకోడానికి ఏం పట్టుకెళ్ళమంటారు?" అని స్నేహితులను అడిగాను. వారం తిరిగేసరికి ముప్పై ఒక్క పుస్తకాలయ్యాయి. పెట్టెకి 23 కిలోలే. అందులోనే అమ్మ పచ్చళ్ళు కూడా పోవాలి.

అమ్మ ఆ జాబితా చదవలేదు, నేనే చదివి వినిపించాను. "ఇన్ని మోసుకుపోయి ఆడ సదవటానికి టైముంటదా? గోంగూర పెట్టుకో" అంది.

మనకి తాతల నాటి బీరువాల్లోంచి పుస్తకాలు రాలేదు. ఎవరో ఒకరు హాస్టల్ గదిలోనో, సంఘం ఆఫీసులోనో చేతిలో పెట్టారు. చదివాం, ఇంకొకళ్ళకి ఇచ్చాం. అందుకే మన దగ్గర "ఇది చదువు" అనడం దారి బత్తెం కట్టివ్వడం లాంటిది. కట్టేవాళ్ళకి నీ ఆకలి తెలుసు. నీ దారిలో ఏముందో కూడా తెలుసు.

మా సీనియర్ అక్క మొదట చెప్పింది 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చింది. దాన్ని సహవాసి గారు తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. నేను డిగ్రీలో చదివిన కాపీకి అట్ట లేదు, ముందు పేజీలు కొన్ని లేవు. అంతకుముందు నాకు అమెరికా అంటే పెద్ద భవనాలే. ఆ పుస్తకంతో కుంటా కింటే తెలిశాడు. యజమాని టోబీ అని పేరు మార్చినా, లోపల కుంటా గానే బతికిన మనిషి. "ఆ నేల మీద నిలబడి ఇంకోసారి చదువు" అంది అక్క.

ఇంకో స్నేహితురాలు 'నల్లపొద్దు' తప్ప ఇంకేదీ చెప్పనంది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవి వెతికి, ఏరి, గోగు శ్యామల గారు చేసిన సంకలనం. "నీ పేపర్లో కవుల పేర్లన్నీ మగాళ్ళవే ఉంటే, విమానం దిగకముందే దిద్దుకో" అంది. బరువైన పుస్తకం. అయినా పెట్టెలో మొదట సర్దింది దాన్నే.

మా పీజీ విద్యార్థి ఒకడు సుజాత గిడ్ల గారి 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' చెప్పాడు. 2017లో వచ్చింది. ఆమె కాకినాడలో పెరిగి, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేశారు. శివసాగర్‌గా మనం పాడుకునే కె.జి. సత్యమూర్తి ఆమె మేనమామ. "మేడమ్, దాన్ని ఆ రైల్లోనే కూర్చుని చదవండి" అన్నాడు. ఈ సలహా నాకు బాగా నచ్చింది.

మా డిపార్ట్‌మెంటు మాస్టారు మాత్రం 'గబ్బిలం' అన్నారు. "ఏటా పాఠం చెప్పేదే కదండీ" అన్నాను. "పాఠం చెప్పటం వేరు, ప్రయాణంలో చదవటం వేరు" అన్నారు. నిజమే. కాళిదాసు యక్షుడు ప్రియురాలి కోసం మేఘాన్ని పంపాడు. జాషువా 1941లో రాసిన మనిషికి విరహం కాదు, ఆకలి. గుడి గడప తొక్కే హక్కు లేక, గుళ్ళోకి తిరుగులేకుండా పోయే గబ్బిలాన్ని బతిమాలి, కాశీ విశ్వనాథుడికి తన సంగతి చెప్పమంటాడు. తను పోలేని చోటికి తన మాటను పంపటం. నా పేపరు చేసే పని కూడా అంతే.

ఇక న్యూజెర్సీలో ఉన్న మా జూనియర్ తమ్ముడు. ఏడేళ్ళయింది వెళ్ళి.

"అక్కా, పుస్తకాలన్నీ కిండిల్‌లో ఎక్కించుకో, బరువుండదు" అన్నాడు.

"నల్లపొద్దు కిండిల్‌లో ఎక్కడ దొరుకుద్దిరా?"

"దొరికినవే తెచ్చుకో. ఇంకోటి కూడా ఉందిలే. అట్ట కనపడదు."

సదస్సు వాళ్ళు నన్ను రెండు రాత్రులు ఒక తెలుగు కుటుంబం ఇంట్లో ఉంచుతున్నారు. వాళ్ళు మంచివాళ్ళే అన్నాడు. "అయినా ముందు ఏ జిల్లా అంటారు. తర్వాత ఏ ఊరు. తర్వాత ఇంటిపేరు. అప్పటికీ తేలకపోతే వెజ్జా నాన్‌వెజ్జా. నీ చేతిలో బాబాసాహెబ్ బొమ్మ ఉంటే ఇవేవీ అడగరక్కా. అడక్కుండానే తెలిసిపోద్ది."

వాడి దగ్గర 'కుల నిర్మూలన' ఉంది. బడి పుస్తకాలకి వేసినట్టు దానికి క్యాలెండరు కాగితంతో అట్ట వేసి పెట్టుకున్నాడు. ఇంటికి తెలుగువాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. వాడి మేనేజరూ తెలుగాయనే. గ్రీన్ కార్డు ఫైలు నడుస్తోంది.

2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియా చట్టసభలు కులం మాట చేర్చి బిల్లు పాస్ చేస్తే, అక్టోబర్‌లో గవర్నరు సంతకం పెట్టకుండా తిప్పి పంపాడు. సముద్రం దాటితే కులం ఉండదనేవాళ్ళు ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడాలి. లేనిదాన్ని ఎవరూ నిషేధించరు. లేనిదాని మీద బిల్లు ఆపాల్సిన పనీ ఉండదు.

ఆ ఫోను తర్వాత బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' తీసి చదివాను. ఇరవై పేజీలకు మించదు. ఆయన 1913లో న్యూయార్క్‌లో దిగారు. అక్కడ రెండు వేల దాకా పాత పుస్తకాలు కొన్నారని జీవిత చరిత్ర రాసిన ధనంజయ్ కీర్ చెప్తాడు. వాటిలో చాలా ఇల్లు చేరలేదు. 1917లో లండన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆయన ఒక ఓడలో, సామాను ఇంకో ఓడలో. సామాను ఉన్న ఓడని యుద్ధంలో పేల్చేశారు.

అదే ఏడు ఉద్యోగానికి బరోడా వెళ్ళారు. విదేశాల్లో ఉన్న ఇన్నేళ్ళలో తను అంటరానివాడినన్న స్పృహే పోయిందని రాసుకున్నారు. స్టేషన్లో దిగగానే అది తిరిగొచ్చింది: ఎక్కడ ఉండాలి? ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి, పైఅంతస్తులో ఒక్కరే ఉన్నారు. వెలుతురు లేని హాలు, పనికిరాని సామాను, ఎగిరే గబ్బిలాలు. దిగులు మరచిపోడానికి చదువుతూ కూర్చున్నారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని జనం వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితులను అడిగితే ఇద్దరూ మర్యాదగా కుదరదన్నారు.

ఆ గబ్బిలాల దగ్గర నేను ఆగిపోయాను. జాషువా దీన్ని చదివి ఉండే వీల్లేదు. బాబాసాహెబ్ బతికుండగా ఇది అచ్చు కాలేదు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు చీకటి గదిలో అదే జీవిని చూశారు.

దాచిన పేరు ఆయన్ని కాపాడింది పది రోజులు. ఆ పది రోజులు తక్కువవని నేననను. తలదాచుకోడానికి నీడ కావాల్సిన మనిషి పేరు దాచాడంటే, తప్పు ఆ మనిషిది కాదు, పేరు అడిగే ఊరిది. మా తమ్ముడిదీ అదే సంగతి. వాడి పిల్లల అన్నం ఆ ఉద్యోగంలో ఉంది. వాడి క్యాలెండరు అట్టని చింపమనే హక్కు నాకు లేదు.

కానీ నేను రెండు రాత్రుల అతిథిని. నా జీతం వాళ్ళ చేతిలో లేదు, నా కాగితాలు వాళ్ళ ఫైల్లో లేవు. అట్ట కనపడేలా చదవగలిగినవాళ్ళు చదవకపోతే, చదవలేనివాళ్ళకి ఆ భయం ఎప్పటికీ తగ్గదు. అందుకని ఆ ఇంట్లో వాళ్ళ సోఫాలో కూర్చుని బాబాసాహెబ్ బొమ్మ ఉన్న పుస్తకమే చదువుతాను. జిల్లా అడిగితే జిల్లా చెప్తాను. ఇంటిపేరు అడిగితే అదీ చెప్తాను. ఆ తర్వాత అడగాలనుకుని అడగలేనిదాన్ని నేనే చెప్తాను. ఆ పూట వాళ్ళ వంటింట్లో ఏమైనా మారితే, అదీ ఇక్కడ రాస్తాను. మారకపోతే సంతోషంగా రాస్తాను.

తమ్ముడు రెండు రోజుల తర్వాత మెసేజ్ పెట్టాడు. "అక్కా, గబ్బిలం ఇంకో కాపీ తేగలవా? పాపకి తెలుగు చదవటం రాదు. నేను చదివి వినిపిస్తా."

ఒక గోంగూర సీసా తీసేశాను. అమ్మకి చెప్పలేదు.

మీలో ఎవరి దగ్గరైనా అట్ట వేసి దాచుకున్న పుస్తకం ఉంటే నాకు చెప్పండి. మీ పేరు రాయక్కర్లేదు. పుస్తకం పేరు చాలు.

జై భీమ్.